ప్లాస్టిక్ ఇసుకదొందు: సెయింట్ క్లెయిర్ సరస్సులో ఒక సీజన్ లెక్కలు

మే నెలలో 19 గంటలు నీళ్లపాలు చేశాను. ఆ గంటలు ఇంకొకరికైనా మిగలాలని ఈ డైరీ. అమెరికాలో, మిషిగన్ రాష్ట్రపు డెట్రాయిట్ చుట్టుపక్కల మనవాళ్లు చాలామందే ఉన్నారు. వేసవి శనివారాల్లో సరస్సు ఒడ్డున తెలుగు వినపడని రోజు ఉండదు. కొత్తగా గాలం పట్టినవాళ్లందరూ అడిగేది ఒకటే: స్మాల్‌మౌత్ బాస్ అనే చేపకి ఏ ఎర వెయ్యాలి? దీనికి 1990కి ముందు ఒక జవాబు, ఇప్పుడు ఇంకొకటి. నేను పాత జవాబుతో మొదలుపెట్టాను.

సరంజామా: కాయక్ అనే చిన్న తెడ్డు పడవ (ఇది అంతకుముందే ఉంది, లెక్కలోకి తీసుకోలేదు), 6 అడుగుల 10 అంగుళాల స్పిన్నింగ్ రాడ్ (గాలం కర్ర), లోతు చూపించే చిన్న సోనార్, అంగుళాల గీతలున్న బోర్డు, డిజిటల్ తూకం, ఒక రూళ్ల నోటుబుక్కు.

రూల్స్ రెండు ముక్కల్లో: మిషిగన్ నివాసికి ఏడాది లైసెన్స్ 26 డాలర్లు, అది మార్చి 31తో అయిపోతుంది. బాస్‌ని పట్టి వెంటనే వదిలెయ్యడం ఏడాది పొడుగునా చెయ్యొచ్చు. ఈ సరస్సులో పట్టి ఉంచుకోవడం మాత్రం జూన్ మూడో శనివారం నుంచి డిసెంబర్ 31 దాకానే. పొడవు కనీసం 14 అంగుళాలుండాలి.

దశ 1: మే. క్రేఫిష్ రంగు ట్యూబులు

క్రేఫిష్ అంటే రొయ్య ఒంటికి పీత డెక్కలు తగిలించినట్టుంటుంది. స్మాల్‌మౌత్‌కి ప్రాణం ఇదేనని పాత సలహాలన్నీ చెప్తాయి. బెదిరితే తోక కొట్టుకుంటూ వెనక్కి దూసుకుపోతుంది కాబట్టి దాని నకలుని కూడా అలాగే ఆడించాలట. మెట్రోపార్క్ దగ్గర కాయక్ దించి, 6 నుంచి 9 అడుగుల లోతులో నేను చేసింది ఇది:

1. ఎర: మూడున్నర అంగుళాల బోలు ప్లాస్టిక్ ట్యూబ్, ఎరుపు కలిసిన గోధుమ రంగు. లోపల పావు ఔన్స్ సీసం తల, అంటే గాలం ముల్లుకి పోసిన బరువు.
2. విసిరి, అడుగు తగిలాక రాడ్ కొనతో అడుగున్నర చొప్పున రెండు లాగుళ్లు.
3. రెండు సెకన్లు ఆగి మళ్లీ రెండు లాగుళ్లు. ఇలా కాయక్ దాకా.

నాలుగు ట్రిప్పుల్లో మూడంటే మూడు బాస్‌లు: 11, 12, 15 అంగుళాలు. మిగతావన్నీ రాక్ బాస్, పెర్చ్ లాంటి వేరే చేపలు. పధ్నాలుగు ట్యూబులు రాళ్లలో ఇరుక్కుని పోయాయి.

ఆ 15 అంగుళాలది ఎలా పడిందో రాసుకోవాలి. మూడో ట్రిప్పులో ఆకలేసి, రాడ్‌ని కాళ్ల మధ్య పెట్టుకుని పులిహోర డబ్బా మూత తీస్తున్నాను. ట్యూబ్ అడుగున ఒక నిమిషం పైగా కదలకుండా పడి ఉంది. మూత ఊడి వచ్చేలోపు రాడ్ వంగింది. అప్పుడే అర్థం కావాల్సింది. నోటుబుక్కులో మాత్రం 'అదృష్టం' అని రాసుకున్నాను.

మొత్తం ఇప్పటిదాకా: ట్రిప్పులు 4, గంటలు 19, స్మాల్‌మౌత్ 3, పోయిన ఎరలు 14, ఖర్చు 118 డాలర్లు (లైసెన్స్, పార్కు పాస్‌తో కలిపి).

దశ 2: జూన్ మొదటి వారం. చేప నోట్లోంచి పడింది

నాలుగో ట్రిప్పులో పట్టిన 12 అంగుళాల చేపని వలలోకి తీసేసరికి అది ఏదో కక్కింది. బొటనవేలంత చేప. పెద్ద గుండ్రటి తల, తలమీదకి తోసుకొచ్చిన కళ్లు, బూడిద గోధుమ మచ్చలు, ముందు వీపు రెక్క మీద ఒక నల్లచుక్క. పొట్టకింద రెండు రెక్కలూ కలిసిపోయి చిన్న గిన్నెలా ఉన్నాయి. ఫోటో తీసి ఇంట్లో వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఆ రాత్రే అమలాపురం నుంచి నాన్న వీడియో కాల్.

"ఒరేయ్, ఇసుకదొందు అక్కడ కూడా ఉందేంట్రా?"

"అది కాదు నాన్నా, రౌండ్ గోబీ అంటారు. దాని చుట్టం అనుకో."

"ఏదైతేనేం. మరి నువ్వు దాన్ని అట్టా ఈడ్చేత్తావేంటి? అది ఈదే చేప కాదురా. గెంతుద్ది, కూకుంటది. గెంతుద్ది, కూకుంటది."

నిజానికి అది నాకూ తెలిసి ఉండాలి. ఎండాకాలంలో కాలవ కట్టేశాక మిగిలిన మడుగుల్లో చేత్తో తడిమి పట్టేవాళ్లం ఇసుకదొందుల్ని. అడుగున ఇసుకకి అతుక్కుని ఉండేది. చెయ్యి తగిలితే జానెడు దూరం గెంతి మళ్లీ అతుక్కునేది. మిషిగన్ గోబీకీ అదే పద్ధతి, ఎందుకంటే దానికి గాలితిత్తి లేదు. చాలా చేపల్లా నీటి మధ్యలో తేలి నిలబడలేదు. అడుగునే బతుకు.

తర్వాత ట్రిప్పు బాస్ కోసం కాదు, గోబీల కోసం. ఒడ్డు మీద రాళ్ల పక్కన చిన్న గాలానికి వానపాము ముక్క. మూడు గంటల్లో 27 గోబీలు. ఇంత తేలిగ్గా చేపలు పట్టడం జీవితంలో ఇదే మొదటిసారి, గొప్ప చెప్పుకోవడానికి మాత్రం పనికిరాదు. ఇక్కడ గోబీని ప్రాణంతో దగ్గర ఉంచుకోవడం చట్టవిరుద్ధం. పట్టాక తిరిగి నీళ్లలో వెయ్యకుండా చంపెయ్యమనే చెప్తారు. మా పాపని ఆ రోజు తీసుకెళ్లకపోవడం మంచిదైంది.

కొలతలు: సగటు 3.1 అంగుళాలు, అన్నిటికన్నా పెద్దది 5.5. ఇరవై ఏడింట్లో 19 రెండున్నర, మూడున్నర అంగుళాల మధ్యే. అంటే నా ఎర పొడవు తప్పు కాదు. ఆకారం తప్పు, రంగు తప్పు, అన్నిటికన్నా ఆట తప్పు.

కథ వెనక్కి వెళ్తే: నల్ల సముద్రం, కాస్పియన్ సముద్రం ప్రాంతపు రెండు జీవులు, ఓడల అడుగున నింపే నీళ్లతో ఇక్కడికి చేరాయి. ముందు చారల ఆల్చిప్ప, అంటే జీబ్రా మసెల్. అది ఈ సరస్సులోనే 1988లో బయటపడింది. తర్వాత 1990లో పైనున్న సెయింట్ క్లెయిర్ నదిలో రౌండ్ గోబీ. ఆల్చిప్పలు నీటిని వడకట్టి తేరుకునేలా చేశాయి. గోబీ ఆ ఆల్చిప్పల్ని కొరికి తిని పెరిగింది. పదేళ్లు తిరక్కుండానే గ్రేట్ లేక్స్ అనే అయిదు మహా సరస్సుల్లోనూ పాకింది. స్మాల్‌మౌత్ దాన్ని మరిగింది. క్రేఫిష్‌కి పెంకు ఉంది, డెక్కలున్నాయి. గోబీకి ఏదీ లేదు, పైగా ఎటు చూసినా అదే. ఆ అయిదింట్లో ఒకటైన ఈరీ సరస్సులో అయితే గోబీలు వచ్చాక పిల్ల స్మాల్‌మౌత్‌లు తొందరగా చేపల తిండికి మళ్లి, మొదటి ఏడాదే ఎక్కువ పెరుగుతున్నాయని పరిశోధకులు చూశారు. 2022లో అక్కడే కెనడా వైపు 10.15 పౌండ్ల స్మాల్‌మౌత్ దొరికింది.

అయితే ఇది ఒకవైపు లెక్క. మే చివర్లో మూడడుగుల నీళ్లలో చీపురుతో గుండ్రంగా ఊడ్చినట్టున్న స్మాల్‌మౌత్ గూడు చూశాను. మధ్యలో కాపలా కాస్తున్న మగచేప, అంచు చుట్టూ పొంచి ఉన్న గోబీలు. ఆ మగచేపని గాలం వేసి పైకి తీస్తే, దాన్ని మళ్లీ వదిలేలోపే గోబీలు గూట్లో దూరి గుడ్లు తినేస్తాయి. ఇది కూడా ఈరీలో పరిశోధకులు కళ్లారా చూసిన విషయమే. గూడు కనపడితే నేను ఎర వెయ్యడం మానేశాను. పట్టి వదిలేస్తున్నాం కదా, నష్టమేముంది అనేవాళ్లకి ఈ పేరా.

మొత్తం: ట్రిప్పులు 5, గంటలు 22, స్మాల్‌మౌత్ 3, పోయిన ఎరలు 14, ఖర్చు 118.

దశ 3: అచ్చు, పోత

షాపులో గోబీ ఎరలు దొరుకుతాయి, ప్యాకెట్‌లో నాలుగో అయిదో. పధ్నాలుగు పోగొట్టుకున్నవాడికి అది కుదిరే బేరం కాదు. అందుకని ఇంట్లోనే పోత. వాడేది ప్లాస్టిసాల్ అనే తెల్లటి ద్రవం. వేడి చేస్తే చిక్కబడి, తర్వాత పారదర్శకంగా కరిగి, చల్లారితే రబ్బరులా అవుతుంది.

ముందు భద్రత. ఇది వంటింట్లో చెయ్యకండి. గరాజ్ తలుపు పూర్తిగా తెరిచి, రసాయన ఆవిర్లని ఆపే ఫిల్టర్లున్న మాస్క్, కళ్లద్దాలు, మందపాటి గ్లవ్స్ వేసుకుని చెయ్యండి. పాత మైక్రోవేవ్ ఒకటి దీనికే కేటాయించండి, అందులో మళ్లీ అన్నం వేడి చేసుకోకూడదు. చుట్టుపక్కల నీటి చుక్క ఉండకూడదు. వేడి నూనెలో తడి మిరపకాయ పడితే ఏమవుతుందో, ఇక్కడ అంతకన్నా ఎక్కువ అవుతుంది.

మొదటి అచ్చు రెండు పలకలది చేద్దామనుకున్నాను, చేప గుండ్రంగా రావాలని. రెండు పలకలూ కలిసే చోట సందు వచ్చి ప్లాస్టిక్ కారిపోయింది. రెండు సాయంత్రాలు దండగ. విసుగొచ్చి ఒకే పలకకి మారాను. బంకమట్టి గోబీని పొట్ట కిందకి పెట్టి డబ్బా అడుగున అంటించి, పైన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోశాను. గట్టిపడ్డాక తిరగేసి మట్టి తీసేస్తే గుంట మిగులుతుంది. అందులో ప్లాస్టిక్ పోస్తే పైకి కనపడే వైపే పొట్ట, అది బల్లపరుపుగా వస్తుంది. బద్ధకంతో చేసిన పని ఇది, కానీ గోబీకి కావాల్సింది సరిగ్గా ఆ చదును పొట్టే.

పని చేసిన పద్ధతి, చివరికి తేలినది:

1. మట్టి నమూనా 3.25 అంగుళాలు. తల వెడల్పు పొడవులో ఐదో వంతు. పక్క రెక్కలు విసనకర్రలా విప్పి.
2. నమూనాకి వాజలిన్ పల్చగా రాసి ప్లాస్టర్ పోయడం.
3. అచ్చుని వారం రోజులు ఆరబెట్టడం. వారం అంటే వారమే.
4. తెల్ల జిగురు, నీళ్లు సగం సగం కలిపి మూడు పూతలు. పూతకీ పూతకీ మధ్య పూర్తిగా ఆరాలి.
5. ప్లాస్టిసాల్ సీసా బాగా గిలకొట్టి, వేడి తట్టుకునే గాజు కప్పులో పోసి, కొంచెం కొంచెంగా వేడి చేస్తూ మధ్యలో కలుపుతూ 177 డిగ్రీల సెల్సియస్‌కి తేవడం. లేజర్ థర్మామీటర్ లేకుండా మొదలుపెట్టకండి.
6. రంగు: ఆకుపచ్చ గుమ్మడి రంగు, నల్ల తళుకులు, చిటికెడు ఊదా.
7. సన్నటి ధారగా, ఆపకుండా పోయడం. ఏడు నిమిషాలాగి తీసి, బల్లమీద తిన్నగా పడుకోబెట్టడం. వంకరగా చల్లారితే వంకరగానే ఉండిపోతుంది.

మూడో మెట్టు దగ్గర నేను రెండో రోజుకే ఆగలేకపోయాను. పైకి పొడిగానే ఉంది. పోసిన వెంటనే పూరీ పిండి నూనెలో వేసినట్టు బుడగలు. లోపలి తేమంతా ఆవిరై ప్లాస్టిక్‌ని పొంగించింది. మొదటి విడత 12 పోస్తే 12 చెత్తబుట్టకి. రెండో విడత 200 డిగ్రీలు దాటిపోయి, బెల్లం పాకం మాడినట్టు పసుపెక్కింది. అందులోంచి మూడు మాత్రమే మిగిలాయి. మూడో విడతలో 10 పోస్తే ఆరు బాగా వచ్చాయి.

పోసినవి 31, పనికొచ్చినవి 9. ఖర్చు మరో 86 డాలర్లు.

మొత్తం: ట్రిప్పులు 5, గంటలు 22, స్మాల్‌మౌత్ 3, పోయిన ఎరలు 14, ఖర్చు 204.

దశ 4: స్నానాల తొట్టిలో పరీక్ష, తర్వాత సరస్సు

తొట్టి నింపి, అడుగున నాలుగు రాళ్లు వేసి ఒక్కొక్కటే వదిలి చూశాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసి ఏమీ అనకుండా వెళ్లిపోయింది. అనకపోవడమే ఎక్కువ టెన్షన్.

మొదటి సమస్య తోక. తల బరువుకి ముక్కు కిందకి ఆని, తోక 45 డిగ్రీలు పైకి లేచింది. క్రేఫిష్ డెక్కలెత్తి నిలబడితే అలా ఉంటుంది, గోబీ అలా ఉండదు. బరువు పెంచడానికి ప్లాస్టిక్‌లో మెత్తటి ఉప్పు కలపాలి. వంద గ్రాములకి 30 గ్రాములు కలిపితే చక్కగా పడుకుంది, కానీ వేలితో లాగితే చిరిగిపోయింది. 10 కలిపితే తోక మళ్లీ లేచింది. 20 దగ్గర కుదిరింది.

రెండో సమస్య సీసం తల. గుండ్రటి గోళీ తల అడుగున పక్కకి ఒరిగి, ఎర వెల్లకిలా పడుతోంది. అడ్డంగా కోడిగుడ్డులా ఉండే ఫుట్‌బాల్ తలకి మార్చాను, 3/8 ఔన్స్. అది ఒరగదు.

ఆట కూడా మారింది. నాన్న చెప్పిందే, సెకన్లు మాత్రం నావి:

1. అడుగు తగిలాక అయిదు సెకన్లు ముట్టుకోకూడదు.
2. రాడ్ కొన ఆరంగుళాలు కదిలేలా ఒకే ఒక గెంతు.
3. పదిహేను సెకన్లు ఆగడం. లోపల పాతిక దాకా లెక్కపెట్టుకోండి, తొందరలో మన సెకన్లు చిన్నవైపోతాయి.
4. చేప లాగినట్టు తెలియదు. దారం పక్కకి జరుగుతుంది, లేదా తడిగుడ్డ తగులుకున్నట్టు బరువవుతుంది. అప్పుడు తిప్పి లాగాలి.

రెండు ట్రిప్పులు, 9 గంటలు, నాలుగు చేపలు. నాలుగూ ఎర కదలకుండా ఉన్నప్పుడే అందుకున్నాయి. నోటుబుక్కు వెనక్కి తిప్పి 'అదృష్టం' కొట్టేసి 'పులిహోర' అని రాశాను.

మొత్తం: ట్రిప్పులు 7, గంటలు 31, స్మాల్‌మౌత్ 7, పోయిన ఎరలు 20, ఖర్చు 204.

దశ 5: జూన్ చివర. ఈగలొచ్చి లెక్క తప్పించాయి

ఇక తిరుగులేదనుకున్న వారానికే ఫిష్‌ఫ్లైలు వచ్చాయి. పేరుకి ఈగ, నిజానికి మేఫ్లై. ఒకటి రెండేళ్లు అడుగు బురదలో పురుగుగా బతికి, ఒక్క రాత్రి రెక్కలొచ్చి లేస్తుంది. పెద్దదయ్యాక నోరు పనిచెయ్యదు, ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతుంది. తొలకరి వానకి దీపాల చుట్టూ లేచే ఉసిళ్లని ఊహించుకోండి, వాటికి పొడవాటి తోకలు తగిలించండి. పెట్రోల్ బంకు గోడలన్నీ అవే. టైర్ల కింద అటుకులు నలిగినట్టు చప్పుడు, రెండోరోజుకి కుళ్లిన చేపల వాసన. ఒడ్డునున్న న్యూ బాల్టిమోర్ ఊళ్లో వీటి పేరుతో ఉత్సవమే చేస్తారు. ఇవి రావడం నీళ్లు బాగున్నాయనడానికి గుర్తు. ఈరీ పడమటి భాగంలో 1953లో ఆక్సిజన్ అందక పోయిన ఈ పురుగులు మళ్లీ కనపడింది 90ల్లోనే.

మూడు ట్రిప్పులు, 13 గంటలు, అయిదే చేపలు. సోనార్‌లో చేపలు కనపడుతున్నాయి కానీ అడుగుకి రావడం లేదు.

ఎందుకో చూడాలని, జూన్ మూడో శనివారం దాటాక, 15 అంగుళాలు దాటిన రెండు చేపల్ని ఉంచుకున్నాను. కటింగ్ బోర్డు మీద కడుపులు కోస్తే:

మొదటిది, మధ్యాహ్నం 11 అడుగుల్లో పట్టినది: మూడు గోబీలు, ఒక క్రేఫిష్ డెక్క. గోబీల్లో ఒకటి ఇంకా చెదరలేదు, 3.2 అంగుళాలు. నా అచ్చు పక్కన పెడితే నూలుపోగంత తేడా.

రెండోది, పొద్దు గూకే వేళ పట్టినది: సగం కరిగిన మేఫ్లై పురుగుల ముద్ద, అందులో ఒకే ఒక్క గోబీ.

అంటే స్మాల్‌మౌత్ తిండి గోబీకి మారింది అనడం నిజమే, అదొక్కటే తింటుంది అనుకోవడం నా పొరపాటు. ఏది చవగ్గా దొరికితే అది. ఆ పది రోజులు పురుగులే చవక.

చేపల్ని పులుసు పెట్టాం. 1970లో పాదరసం కలిసిందని ఈ సరస్సులో చేపలు పట్టడమే ఆపేశారు. ఇప్పటికీ ఏ చేప నెలకి ఎన్నిసార్లు తినొచ్చో రాష్ట్ర ఆరోగ్య శాఖ చార్టు ఇస్తుంది, చూడకుండా వండకండి. విజిటర్ వీసా మీద వచ్చిన మా అత్తగారు పులుసు బాగుందన్నారు. మిగతావన్నీ వదిలేశానని తెలిశాక ఆవిడ అడిగింది: "పట్టి వదిలేసేదానికి అంత ఖర్చెందుకు బాబూ?"

మొత్తం: ట్రిప్పులు 10, గంటలు 44, స్మాల్‌మౌత్ 12, పోయిన ఎరలు 27, ఖర్చు 204.

దశ 6: జులై. దారం

పోయిన 27 ఎరల్లో సగం రాళ్లలో ఇరుక్కోలేదు. దారమే తెగిపోయింది. తెగిన కొన చూస్తే గరుకు కాగితంతో రుద్దినట్టుంది. అడుగున రాళ్లని కప్పేసిన చారల ఆల్చిప్పల అంచులు బ్లేడులా ఉంటాయి. గోబీ ఉండేదీ అక్కడే, ఎర కూర్చోవాల్సిందీ అక్కడే. తప్పించుకునే దారి లేదు.

మొదట ఎరకి ముందు 15 పౌండ్ల బరువు తట్టుకునే మందపాటి ముందుదారం కట్టాను. తెగడం ఆగింది, చేపలూ ఆగాయి. ఈ తేటనీళ్లలో పదడుగుల అడుగు పైనుంచే కనపడుతుంది, చేపకి దారం కనపడదా? పక్కింటి పెద్దాయన చిన్నప్పటి నుంచీ ఇక్కడే గాలం వేస్తున్నారు. ఆల్చిప్పలు రాకముందు నీళ్లు టీలా ఉండేవని, తాడు కట్టినా చేప పట్టించుకునేది కాదని అంటారు. ఆయన ఎర అప్పట్లో పెంకు విడిచిన మెత్తటి క్రేఫిష్.

చివరికి నిలిచింది: 10 పౌండ్ల అల్లిక దారం, చివర నీళ్లలో అంతగా కనపడని ఫ్లోరోకార్బన్ దారం, ఏడడుగులు, 10 పౌండ్లది. ప్రతి రెండు చేపలకోసారి చివరి రెండడుగులు పెదాల మధ్య లాగి చూడటం. వేలికి తెలియని గరుకు పెదవికి తెలుస్తుంది. గరుకు తగిలితే అంతవరకూ కోసి మళ్లీ కట్టడం. విసుగు పనే. సీసం బదులు టంగ్‌స్టన్ తలలకి కూడా మారాను. అదే బరువుకి చిన్నగా ఉంటుంది, రాయి ఏదో బురద ఏదో చేతికి స్పష్టంగా చెప్తుంది.

మూడు ట్రిప్పులు, 14 గంటలు, 9 చేపలు. పోయిన 11 ఎరల్లో ఎనిమిది ఈ మార్పులకి ముందువి.

మొత్తం: ట్రిప్పులు 13, గంటలు 58, స్మాల్‌మౌత్ 21, పోయిన ఎరలు 38, ఖర్చు 256.

దశ 7: ఆగస్టు. రెండిటికీ పోటీ

ఇప్పటిదాకా చేసిందంతా ఒక్కో ట్రిప్పుకి ఒక్కో మార్పు. చేపలు పెరిగింది ఎర వల్లా, ఎండ వల్లా, నా చెయ్యి తిరగడం వల్లా? తేల్చుకోవాలని నాలుగు ట్రిప్పులు ఒకే పద్ధతిలో:

1. క్రేఫిష్ ట్యూబ్ అరగంట, గోబీ అరగంట. ఫోన్‌లో అలారం. చేప లాగుతున్నా సరే, అది ఒడ్డున పడగానే మార్పు.
2. ఒకే బరువు, ఒకే దారం.
3. క్రేఫిష్‌ని లాగుళ్లతో, గోబీని గెంతి కూర్చోబెట్టి.
4. ప్రతి చేపకీ లోతు, అడుగు రకం, టైమ్ రాయడం.

ఒక్కోదానికి 8 గంటలు. గోబీకి 14, క్రేఫిష్‌కి 5.

ఇక్కడితో ఆపితే బాగుండేది, కానీ నోటుబుక్కు ఇంకో ముక్క చెప్పింది. క్రేఫిష్‌కి పడ్డ అయిదింట్లో నాలుగు పొద్దు గూకాక, అయిదడుగుల లోపు రాళ్లమీద పడ్డాయి. ఆ వేళలో ఆ చోట గోబీకి రెండే. క్రేఫిష్ చీకటి పడ్డాకే రాళ్లకింద నుంచి బయటికొస్తుంది, బాస్ ఆ సంగతి ముప్పై ఏళ్లయినా మర్చిపోలేదు. పాత సలహా పూర్తిగా తప్పు కాదు, దాని పనివేళలు తగ్గాయంతే. ఇప్పుడు నా పెట్టెలో ఎర్ర ట్యూబులు ఆరు ఉంటాయి, పొద్దు గూకాక తీస్తాను.

ఒక లోపం ఒప్పుకోవాలి. ఎర వేరు, ఆటా వేరు. రెండూ ఒకేసారి మార్చి పోల్చాను కాబట్టి గెలిచింది రూపమో, కూర్చోవడమో ఈ లెక్క చెప్పదు. ఎర్ర ట్యూబ్‌ని కూడా కూర్చోబెట్టి చూడాల్సింది. ఎవరైనా దీన్ని కాపీ చేస్తే ఆ మూడో వరస కలపండి.

మొత్తం: ట్రిప్పులు 17, గంటలు 74, స్మాల్‌మౌత్ 40, పోయిన ఎరలు 43, ఖర్చు 256.

దశ 8: అక్టోబర్, నవంబర్

నీళ్లు చల్లబడేకొద్దీ గోబీలు లోతుకి దిగుతాయి, వాటి వెనకే బాస్. ఈ సరస్సుకి లోతు పెద్దగా లేదు, సగటున 11 అడుగులు, ఓడల కాలవ వదిలేస్తే 21కి మించదు. 16 అడుగుల చోట ఆపాను. నీళ్లు 10 డిగ్రీలకి దిగాక కాయక్ మానేసి, ఆఫీసులో ఒకాయన బోటులో వెళ్లాను. ఆ చల్లదనంలో పడితే ఈత వచ్చినా చేతులు పనిచెయ్యవు.

మూడు ట్రిప్పులు, 11 గంటలు, 13 చేపలు. సీజన్‌లో పెద్దది ఇక్కడే: 20.5 అంగుళాలు, 5 పౌండ్ల 2 ఔన్సులు. బోటులోకి తియ్యగానే రెండు గోబీల్ని కక్కింది, రెండూ నాలుగంగుళాల పైనే. అదే వారం ఇంకో రెండు చేపలు కక్కినవీ అంతే. జూన్‌లో 3.1 సగటు కొలిచి, దాన్నే నవంబర్‌లో కూడా వేస్తున్నాను. ఈలోపు గోబీలు పెరిగాయి, లేదా పెద్ద బాస్ పెద్దవాటినే ఏరుకుంటోంది.

సీజన్ మొత్తం: ట్రిప్పులు 20, గంటలు 85, స్మాల్‌మౌత్ 53 (ఉంచుకున్నవి 2), పోయిన ఎరలు 47, ఖర్చు 287 డాలర్లు. చేపకి అయిదున్నర డాలర్ల లోపు. ఇండియన్ స్టోర్‌లో బొచ్చె ఇంతకన్నా చవకని మా ఆవిడ ఈ లైను చదివి చెప్పింది.

ఈ లెక్కలో నన్ను గుచ్చేది ఆ 47. అవి ప్లాస్టిక్. అడుగున కరగవు, ఏదో ఒక చేప మింగుతుంది. మే నెలలో ట్రిప్పుకి మూడున్నర పోతే, చివర్లో ట్రిప్పుకి ఒకటికి కాస్త పైన. ఇంకా తగ్గాలి. గాలం మొన ప్లాస్టిక్‌లోకి దాచి కట్టే పద్ధతి వచ్చే ఏడు చూస్తాను, చేపలు కొన్ని జారిపోయినా సరే.

దశ 9: డిసెంబర్

పాత అచ్చు తల దగ్గర పగిలింది. కొత్త నమూనా 4.25 అంగుళాలు. తల ఆకారం కోసం నాన్న కాలవలో పట్టిన ఇసుకదొందుని స్కేలు పక్కన పెట్టి, పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, రెండు ఫోటోలు పంపారు. దాని తల గోబీ తలకన్నా చదునుగా, కింద దవడ ముందుకొచ్చి ఉంది. అందుకని దవడ నా 27 గోబీల ఫోటోల్లోంచి తీసుకున్నాను, కళ్లు మాత్రం నాన్న ఫోటోలోవే.

ప్లాస్టర్ పోసి గరాజ్‌లో హీటర్ పక్కన పెట్టాను. ఇవాళ్టికి నాలుగో రోజు. పైకి పొడిగానే ఉంది. ముట్టుకోలేదు.